లోహితుడి బరువు

(గిడుగు జయంతి సాయంత్రం పర్లాకిమిడిలో తెలుగువాళ్ళు జరుపుకున్న సభలో ఒక రంగస్థల నటి చేసిన ప్రసంగం. వేషాలు మానేశాక ఆమె బరంపురంలో నటన నేర్పుతున్నారు. ఆమె మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పెద్దలకి వేరేగా నమస్కారం.

బాబూ, ఆ మైకు కొంచెం అవతలికి జరుపు. ఇంకా. ఆఁ, చాలు. నాకూ మైకుకీ పాత గొడవ ఉంది, అది తర్వాత చెప్తాను.

నన్ను "మీ కెరీర్ గురించి మాట్లాడండమ్మా" అన్నారు. ఆ మాట వినగానే నవ్వొచ్చింది. మా రోజుల్లో దాన్ని కెరీర్ అనేవారు కాదు. "ఆ గుంట నాటకాల్లోకి పోయింది" అనేవారు. అలా పోయిన గుంట పాతికేళ్ళకు పైగా చంద్రమతి వేసింది, సత్యభామ వేసింది, మధురవాణి వేసింది. గొంతు పోయాక ఇంటికొచ్చి పిల్లలకి పాఠాలు చెప్పుకుంటోంది. కెరీర్ అంటే ఇంతే. ఇంక దిగిపోవచ్చు. (నవ్వులు)

కానీ ఇది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1880లో ఈ ఊరి బడికి మాస్టారుగా వచ్చారు. ఇక్కడే సవరల భాష నేర్చుకున్నారు. మనం మాట్లాడే తెలుగునే పుస్తకాల్లో రాయాలని కొట్లాడారు. 1936 ఏప్రిల్ ఒకటిన ఒడిశా వేరే రాష్ట్రమై ఈ ఊరు అందులోకి వెళ్ళినప్పుడు మనసు విరిగి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోయారు, మన తాతలు ఉండిపోయారు. మనం ఆ ఉండిపోయినవాళ్ళ మనవలం. నా కథ అక్కడ మొదలవుతుంది కాబట్టి ఆయన పేరు ముందు చెప్పాను.

మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పటికీ లెక్కలు ఒడియాలోనే వేస్తాను, తిట్లు తెలుగులోనే వస్తాయి. మా నాన్న హార్మోనిస్టు. పెళ్ళిళ్ళలోనూ వాయించేవారు, నాటకాల్లోనూ వాయించేవారు, తెలుగైనా ఒడియా అయినా ఒకటే పెట్టె. ఆయన వెంట వెళ్ళి నేను మొదట చూసింది మాత్రం తెలుగు నాటకం కాదు, ప్రహ్లాద నాటకం. ఇక్కడ కూర్చున్న సగం మంది చూసే ఉంటారు. అప్పటి గంజాం జిల్లా జలంతర జమీందారు రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద నడిచే నాటకం అది. మెట్లుమెట్లుగా చెక్కవేదిక కడతారు, పైన సింహాసనం. హిరణ్యకశిపుడు అంత బరువు వేషంతో ఆ మెట్ల మీద పైకి, కిందికి, తెల్లవార్లూ పరుగులు తీస్తాడు. పాటలో ఒడిస్సీ వినిపిస్తుంది, మన కర్ణాటక సంగీతమూ వినిపిస్తుంది. చివర్లో నరసింహస్వామి ముఖం పెట్టుకున్న మనిషిని నలుగురు పట్టుకోవాలి. చిన్నదాన్ని, భయమేసి నాన్న హార్మోనియం వెనక దాక్కున్నాను.

ఆ రాత్రి నా బుర్రలో ఉండిపోయింది నరసింహుడు కాదు. హిరణ్యకశిపుడు నాలుగో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మనిషి అలిసిపోయాడు, నిజంగా. రాజు అలిసిపోయాడనుకుని జనం నిశ్శబ్దంగా చూశారు. అప్పుడు నాకేం అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత అర్థమైంది. అక్కడికి వస్తాను.

పదిహేనేళ్ళకి నేను స్టేజీ ఎక్కాను. ఇష్టపడి కాదు. ఒక ఊళ్ళో రావలసిన లేడీ ఆర్టిస్టు రాలేదు. నాన్న హార్మోనియం ముందు కూర్చున్నారు, నేను పక్కన కూర్చున్నాను. కాంట్రాక్టరు మా ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. పద్యాలన్నీ నాకు నోటికి వచ్చు, రోజూ ఇంట్లో వినేవే. అంతే సంగతి.

ఆ వ్యాపారం ఎలా నడిచేదో ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. ఊళ్ళో జాతరకో, శ్రీరామనవమికో నాటకం కుదుర్చుకుంటారు. మగవేషాలకి చుట్టుపక్కల వాళ్ళుంటారు, ఒక్కొక్కరూ ఒక్కో సీనుకి పేరుమోసినవాళ్ళు. వారణాసి సీనుకి ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకి ఇంకో హరిశ్చంద్రుడు. చంద్రమతి మాత్రం ఒక్కతే. అంటే ఒక రాత్రిలో నాకు ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు మొగుళ్ళు. (నవ్వులు) సీన్ల అద్దె వాడొకడు, డ్రెస్సుల వాడొకడు, మేకప్ ఒకడు. రిహార్సల్ అనేది లేదు. మధ్యాహ్నం చిన్న రైలెక్కేదాన్ని. గజపతి రాజుగారు 1900లో వేయించిన ఆ చిన్న లైను మీద పాతపట్నం, టెంబూరు, టెక్కలి దాటి నౌపడలో దిగి, అక్కడ పెద్ద రైలు పట్టుకుని, పలాస వైపో శ్రీకాకుళం వైపో పోయేదాన్ని. సాయంత్రం ఆరింటికి ఊరు చేరితే తొమ్మిదింటికి మొహానికి రంగు. ఎదురుగా హరిశ్చంద్రుడు ఎవరో తెర లేచాకే తెలిసేది.

డబ్బు? సగం ముందు, సగం నాటకం అయ్యాక. ఆ రెండో సగం కోసం తెల్లారి బస్టాండులో కూర్చున్న రోజులు బోలెడు. ఒక కాంట్రాక్టరు గారైతే టీ తాగొస్తానని వెళ్ళి ఇప్పటికీ రాలేదు. పోనీండి.

నేను స్టేజీ ఎక్కిన కొత్తలో పెద్ద ఆర్టిస్టులు నాకు నడక నేర్పారు. ఎలా నేర్పారో వినండి. "అమ్మాయ్, నీ నడకలో ఆడతనం లేదు. స్థానం వారిని చూసుంటే తెలిసేది" అన్నారు. స్థానం నరసింహారావు గారంటే తెలుగు రంగస్థలానికి సత్యభామ, మధురవాణి, రోషనార. 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. ఆడవేషంలో ఆయన్ని చూసి ఇంటికెళ్ళి ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు సరిచేసుకునేవారట. మహానటుడు, కాదనను. కానీ విషయం చూడండి. ఒక మగాయన ఆడవాళ్ళని గమనించి, వాళ్ళ నడకలోంచి కొన్ని తీసుకుని, కొంచెం పెంచి, స్టేజీకి తగ్గట్టు ఒక నడక తయారుచేశారు. ఆయన తర్వాత వాళ్ళు ఆయన్ని అనుకరించారు. వాళ్ళని చూసినవాళ్ళు వాళ్ళని అనుకరించారు. చివరికి నా దగ్గరికి వచ్చేసరికి, ఆడదాన్నైన నేను, ఆడదానిలా నడిచిన మగవాడిలా నడవడం నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నాను కూడా. బాగానే నడిచేదాన్ని. ఇంటికొచ్చి నీళ్ళబిందె చంకనెత్తుకుంటే మామూలుగానే నడిచేదాన్ని, స్టేజీ మీద మాత్రం ఆ నడక.

బళ్ళారి రాఘవ గారు ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టినవారు. కొమ్మూరి పద్మావతీదేవి గారు ఆయన పక్కన వేశారు. సురభి వాళ్ళ సంగతి వేరు, 1885 నుంచి అది కుటుంబాల నాటకం, తల్లి వేషం తల్లే వేస్తుంది. వాళ్ళందరూ తలుపు తీసిపెట్టబట్టే నాలాంటి వాళ్ళు లోపలికి వచ్చారు. తలుపు తీశారు గానీ, లోపల నడక ఇంకా పాతదే ఉంది.

మైకు సంగతి చెప్తానన్నాను కదా. స్టేజీ ముందు రెండో మూడో మైకులు పైనుంచి వేలాడేవి. పద్యం జనానికి వినబడాలంటే మైకు కిందికి రావాలి. కొడుకు చచ్చిపోయాడని వార్త వచ్చినా ముందు మైకు దగ్గరికి నడిచి, తర్వాత కుప్పకూలాలి. దూరంగా పడితే ఏడుపు వినబడదు. నేను మైకు కింద పడటం ఎంత బాగా నేర్చుకున్నానంటే, మా ఇంట్లో చావు కబురు వచ్చిన రోజు కూడా రెండడుగులు ముందుకేసి కూర్చున్నాను. మా అప్ప చూసి, "ఎక్కడికే ఎల్తన్నావు?" అంది. ఆ మాట ఎప్పటికీ మర్చిపోలేను.

సరే, కాటిసీను.

ఈ సీను తెలియని తెలుగువాడు ఉండడు. హరిశ్చంద్రుడు కాటికాపరి. చంద్రమతి పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితుణ్ణి ఎత్తుకొస్తుంది. ఆమె మెడలో మంగళసూత్రం భర్తకి తప్ప ఎవరికీ కనబడదు. దాన్ని బట్టే ఆయన గుర్తుపడతాడు. ఈ సీనులో ఏడవాలి. ఏడవని చంద్రమతికి రెండోసారి పిలుపు రాదు.

నాకు ఏడుపు ఎలా వచ్చేదంటే, నాకొక తమ్ముడు ఉండేవాడు. నాలుగేళ్ళవాడు జ్వరమొచ్చి పోయాడు. వింగులో నిలబడి వాణ్ణి తలుచుకునేదాన్ని. వాడి కాళ్ళకి పసుపు రాసింది తలుచుకునేదాన్ని. ఏడుపు వచ్చేసేది. మొదటి ఏడాది అంతా వచ్చింది. రెండో ఏడాది కొంచెం గట్టిగా తలుచుకోవలసి వచ్చింది. మూడో ఏడాదికి ఏమైందో తెలుసా? వాడి మొహం గుర్తు రావడం మానేసింది. తలుచుకుంటే స్టేజీ, లైట్లు, నేను ఏడుస్తున్నట్టు గుర్తొచ్చేది గానీ వాడు గుర్తొచ్చేవాడు కాదు. ఖర్చు పెట్టేశాను వాణ్ణి. నాటకానికి ఇంత చొప్పున ఖర్చు పెట్టేశాను. ఇది నా జీవితంలో నేను చేసిన తప్పుల్లో పెద్దది. అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకి మొదటి రోజే చెప్తాను, మీ ఇంట్లో పోయినవాళ్ళని క్లాసులోకి తీసుకురాకండి అని.

ఒక రాత్రి సోంపేట వైపు ఒక ఊళ్ళో నాటకం. కాటిసీను వచ్చేసరికి రెండు దాటింది. ఆ హరిశ్చంద్రుడు మంచి గాయకుడు. కాటిసీనులో జాషువా గారి పద్యాలు పాడటం అప్పటికే మామూలు కదా, ఆయన పాడుతున్నాడు. జనం వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాడు. రాగం లాగుతున్నాడు. నేను వింగులో ఉన్నాను, చేతుల్లో లోహితుడు. ఆ ఊరి పిల్లవాడే, ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. వాణ్ణి ముందే ఎత్తుకోమని స్టేజీ మేనేజరు తొందరపెట్టాడు. పద్యం అయిపోగానే ఎంట్రీ. పద్యం అయిపోవడం లేదు. ఇంకోసారి వన్స్ మోర్.

ఇంతలో పిల్లవాడు నిద్రపోయాడు.

మెలకువగా ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకోవడం వేరు, నిద్రపోయిన పిల్లవాణ్ణి ఎత్తుకోవడం వేరు. తల్లులకి తెలుసు. మెలకువగా ఉంటే వాడు మనల్ని పట్టుకుంటాడు, సగం బరువు వాడే మోస్తాడు. నిద్రపోతే మొత్తం బరువు మనదే. తల వెనక్కి వాలిపోతుంది, ఒక చెయ్యి కిందికి వేలాడుతుంది. మోచేతి దగ్గర వాడి మెడకి చెమట పట్టింది. నా కుడిచెయ్యి తిమ్మిరెక్కింది. మార్చుకుందామంటే వాడు లేస్తాడేమోనని భయం. లేస్తే శవం కళ్ళు నులుముకుంటూ స్టేజీ మీదికి వస్తుంది. (నవ్వులు) పావుగంట అలా నిలబడ్డాను.

ఎంట్రీ వచ్చింది. నడిచాను. ఆ నేర్చుకున్న నడక రాలేదు. ఎలా వస్తుంది? నడుం ఒక పక్కకి వంగిపోయి, కాలు ఈడ్చుకుంటూ, పిల్లవాడి తల నా భుజానికి కొట్టుకోకుండా చూసుకుంటూ వచ్చాను. తమ్ముణ్ణి తలుచుకోవడం మర్చిపోయాను. అసలు ఏడవాలన్నదే మర్చిపోయాను. నా ఆలోచన అంతా ఒకటే, వీణ్ణి లేపకుండా కింద ఎలా పడుకోబెట్టడం. మైకు దాకా వెళ్ళే ఓపిక లేదు, మధ్యలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముందు నడుము, తర్వాత కాళ్ళు, చివర తల. తల కింద చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి వణుకుతోంది. పద్యం ఎత్తితే గొంతు కూడా వణికింది.

జనంలో చప్పుడు లేదు. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కటే వెక్కిళ్ళు. నా పద్యం సగం మంది వినలేదు, మైకుకి దూరంగా ఉన్నాను. అయినా ఏడ్చారు. హరిశ్చంద్రుడు వేసినాయన నాటకం అయ్యాక వచ్చి, "ఇయ్యాల ఏటి చేశావమ్మా?" అని అడిగాడు. "పిల్లణ్ణి పడుకోబెట్టానండీ" అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏం లేదు.

అప్పుడు గుర్తొచ్చాడు నాలుగో మెట్టు మీద హిరణ్యకశిపుడు.

నాట్యశాస్త్రంలో సాత్విక భావాలు ఎనిమిది చెప్పాడు భరతముని. అశ్రువు అందులో ఒకటి మాత్రమే. వేపథువు అంటే వణుకు, స్వరభేదం అంటే గొంతు మారడం, ఇవీ ఉన్నాయి. మనం అశ్రువొక్కటే పట్టుకుని వేలాడుతున్నాం. వణుకు నటించడం కష్టం, బరువు ఎత్తితే దానంతటదే వస్తుంది. శాస్త్రం చదివి చెప్తున్నానని అనుకోకండి, ఈ మాటలు నాకు చాలా తర్వాత ఒక డాన్సు మాస్టారు చెప్పారు.

స్వరభేదం అన్నాను కదా, అది నాకు నిజంగానే వచ్చింది. స్టేజీ మీద శ్రుతి హీరోది. ఆయన శ్రుతికి మనం సర్దుకోవాలి. రాత్రికో హీరో, రాత్రికో శ్రుతి. దుమ్ము, నిద్రలేమి, మేకప్ పౌడరు. ఒక సీజన్లో గొంతు బొంగురుపోయి మళ్ళీ తిరిగి రాలేదు. విశాఖపట్నంలో డాక్టరు చూసి స్వరపేటిక మీద బుడిపెలు అన్నారు. ఆరు వారాలు ఒక్క మాట మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దు అన్నారు. పలక కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఆ ఆరు వారాల్లోనే నేను టీచర్నయ్యాను. పక్కింటి అమ్మాయికి బడిలో ఏకపాత్రాభినయం పోటీ. ఝాన్సీ లక్ష్మి. నేర్పమని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. నాకు నోరు లేదు. మామూలుగా అయితే ఏం చేసేదాన్ని? "ఇలా అను" అని నేను అని చూపించేదాన్ని, ఆ పిల్ల నాలాగా అనేది. మా వాళ్ళు నాకు నేర్పినట్టే. ఇప్పుడు అనలేను. కాబట్టి చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల కత్తి దూసినట్టు చెయ్యి ఊపుతోంది, ఖాళీ చెయ్యి. వంటింట్లోకి వెళ్ళి ఇనప అట్లకాడ తెచ్చి చేతిలో పెట్టాను. మా పెద్ద అట్లకాడ, పెళ్ళిళ్ళది, బరువుగా ఉంటుంది. రెండు నిమిషాల్లో ఆ పిల్ల భుజం మారింది, నిలబడటం మారింది, గొంతు దానికదే కిందికి దిగింది. నేను పలక మీద ఒక్క ముక్క రాశాను: "మళ్ళీ." 

ఆ పిల్లకి ప్రైజు రాలేదు. జడ్జీలకి అరవడం కావాలి. అయినా మర్నాడు ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చారు.

గొంతు సగం తిరిగొచ్చింది, పద్యం రాలేదు. పద్యం లేని చంద్రమతిని ఎవరు పిలుస్తారు? కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని ఏడ్చాను. ఈసారి ఎవర్నీ తలుచుకోనక్కర్లేకపోయింది.

బరంపురం వెళ్ళాక అక్కడి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు ఒకాయన, మా క్లాసు చూడటానికి వచ్చి, "మీరు చేస్తున్నది అమెరికాలో ఒకావిడ చేసింది, మీకు తెలుసా?" అన్నారు. నాకేం తెలుసు? ఆయన కూర్చుని చెప్పారు. ఆవిడ పేరు స్టెల్లా అడ్లర్. 1901లో న్యూయార్కులో పుట్టింది. ఇంటిల్లిపాదీ నాటకాలవాళ్ళే, అచ్చం మన సురభి వాళ్ళలాగే. తండ్రి జేకబ్ అడ్లర్ పెద్ద హీరో, తల్లీ నటే. ఈమె నాలుగేళ్ళకే స్టేజీ ఎక్కింది. వాళ్ళు ఆడింది ఇంగ్లీషు నాటకాలు కాదు, యిడ్డిష్. ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల ఇంటిభాష. ఊరంతా ఒక భాష, వీళ్ళ నాటకం ఇంకో భాష. అది వినగానే ఆవిడ నాకు చుట్టమైపోయింది.

అప్పట్లో అక్కడ నటన నేర్పేవాళ్ళు, నీ జీవితంలో జరిగిన దుఃఖాన్ని తవ్వి తీసి పాత్రకి పెట్టు అనేవారట. నేను తమ్ముడితో చేసిన పనే. ఆ పద్ధతి రష్యాలో స్తానిస్లావ్‌స్కీ గారిది అని చెప్పేవారు. అడ్లర్ 1934లో పారిస్ వెళ్ళి ఆ స్తానిస్లావ్‌స్కీనే కలిసి, కొన్ని వారాలు రోజూ ఆయన దగ్గర పని చేసింది. ఆయన, అంత తవ్వకం అక్కర్లేదమ్మా, పాత్ర ఏ పరిస్థితిలో ఉంది, ఏం చేస్తోంది, అది చూసుకో, మిగతాది ఊహ అన్న దారిలో చెప్పారట. వెనక్కొచ్చి ఈ మాట చెప్తే తోటివాళ్ళతో పెద్ద తగువు. తర్వాత 1949లో సొంతంగా స్కూలు పెట్టింది. మార్లన్ బ్రాండో ఆవిడ శిష్యుడే.

ఆవిడకి పారిస్‌లో స్తానిస్లావ్‌స్కీ చెప్పింది, నాకు సోంపేట దగ్గర నిద్రపోయిన పిల్లవాడు చెప్పాడు. (నవ్వులు, చప్పట్లు) గొప్ప కోసం అనడం లేదు. నిజంగా అదే జరిగింది.

ఆ లెక్చరరు గారే ఇంకో ఆవిడ గురించి కూడా చెప్పారు, ఊటా హేగన్. ఆవిడా స్టేజీ నటే, బ్రాడ్‌వేలో పెద్ద పెద్ద వేషాలు వేస్తూనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పింది. ఇంట్లో మామూలుగా చేసే పనే క్లాసుకి తెచ్చి, వస్తువులతో సహా చేసి చూపించమనేదట. తలుపు తాళం వెయ్యడం, పోయిన వస్తువు వెతుక్కోవడం, ఇలాంటివి. అది నాకు బాగా నచ్చింది. నేను మన సామాన్లతో చేయిస్తాను. మా క్లాసులో చాట ఉంటుంది, తిరగలి ఉంటుంది, నీళ్ళ బిందె ఉంటుంది. అద్దం మాత్రం ఉండదు.

అద్దం గురించి ఒక మాట. ఈమధ్య పదిహేను రోజుల్లో, నెలలో నటన నేర్పుతామని బోర్డులు చూస్తున్నాను. అక్కడ నవరసాలు అద్దంలో చూసుకుంటూ ప్రాక్టీసు చేయిస్తారు. కోపం అనగానే కనుబొమ్మలు, భయం అనగానే కళ్ళు. ఆ పిల్లలు నా దగ్గరికి వస్తే మొహం తుడవడానికే మూడు నెలలు పడుతుంది. మనిషి కోపంలో తన మొహం చూసుకోడు, ఎదుటివాడి మొహం చూస్తాడు. నేనేం చేస్తానంటే, చాటలో బియ్యం పోసి రాళ్ళు ఏరమంటాను. రాళ్ళు నేనే కలుపుతాను, ఇప్పటి బియ్యంలో రాళ్ళు ఎక్కడివి? (నవ్వులు) ఏరుతూ, మీ ఆయన ఇల్లు తాకట్టు పెట్టాడని నీకు ఇప్పుడే తెలిసింది, ఆయన ఎదురుగా ఉన్నాడు, మాట్లాడు, ఏరడం మాత్రం ఆపకు అంటాను. కాసేపు మాటలు వస్తాయి. తర్వాత వేళ్ళు గట్టిగా కదులుతాయి. తర్వాత ఒక చోట వేళ్ళు ఆగిపోతాయి. ఆ ఆగడం ఎవరూ నేర్పలేదు. క్లాసులో అందరూ చూస్తారు దాన్ని.

బిందె సంగతీ అంతే. ఒక అబ్బాయి, బుల్లెట్ మీద వచ్చేవాడు, హీరో అవ్వాలని. ఆడపిల్ల పనులు నాతో చేయిస్తారా అన్నాడు. నిండు బిందె భుజం మీద పెట్టి రెండంతస్తుల మెట్లు ఎక్కించాను. పైకొచ్చి, "మేడమ్, ఇప్పుడు డైలాగు చెప్పమంటారా?" అన్నాడు. "ఇప్పుడే చెప్పావు కదా" అన్నాను. ఆ వాక్యం ఒక్కటే ఆ రోజు వాడు నిజంగా పలికింది.

ఇప్పుడు మన భాష దగ్గరికి వస్తాను, గిడుగు వారి సభలో అది చెప్పకుండా దిగితే బాగుండదు.

నా దగ్గరికొచ్చే తెలుగు పిల్లల్లో సగం మందికి పైగా తెలుగు చదవడం రాదు. మాట్లాడతారు, చదవలేరు. బడి ఒడియా, లేకపోతే ఇంగ్లీషు. అందుకని తెలుగు డైలాగులు ఒడియా అక్షరాల్లో రాసిస్తాను. దాంట్లో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఒడియాలో అకారం కొంచెం ఒకారంలా పలుకుతారు. చంద్రమతి కాస్తా చొంద్రొమొతి అవుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. మనకి ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో వాటికి తేడా లేదు. ఒకమ్మాయి కాటిసీను చదువుతూ, మెడలో మంగళసూత్రం అనాల్సిన చోట, ఎంతో దుఃఖంగా, "నా మేడలో మంగళసూత్రం" అంది. (నవ్వులు) ఇంకేం, హరిశ్చంద్రుడు వేసే అబ్బాయి "ఎన్నో అంతస్తులో?" అన్నాడు. ఆ రోజు క్లాసు అక్కడితో సరి. ఇప్పుడు పొట్టి అక్షరం మీద ఎర్ర చుక్క పెడుతున్నాను. మా పిల్లలకి అదొక కొత్త లిపి.

మరి ఇంత తంటా ఎందుకు, రికార్డు చేసి వినిపించొచ్చు కదా అంటారు. వినిపిస్తే నా గొంతుని అనుకరిస్తారు. మళ్ళీ స్థానం వారి నడక కథే.

ఒకసారి ఒక షూటింగుకి నన్ను పిలిచారు. పల్లెటూరి ముసలమ్మ వేషం, నాలుగు మాటలు. నేను మా మాటలోనే చెప్పాను. అసిస్టెంటు కుర్రాడు వచ్చి, "మేడమ్, మీ తెలుగు కొంచెం తేడాగా ఉంది, ఒడియా వాళ్ళలా ఉంది, మామూలు తెలుగులో చెప్పండి" అన్నాడు. చెప్పాను. డబ్బింగులో అదీ తీసేసి ఇంకెవరిదో గొంతు పెట్టారు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నూట పాతికేళ్ళకు పైగా కిందట గిడుగు వారితో కలిసి విజయనగరంలో చదువుకున్న గురజాడ వారు, ఇక్కడి మాటని, ఈ ఉత్తరపు మాటని, స్టేజీ మీద నిలబెట్టారు. 1892లో ఆడిన కన్యాశుల్కం నాటకం. దాంట్లో మధురవాణి వేసినప్పుడే నాకు తెలిసింది, ఇంట్లో మాట స్టేజీ మీద ఎంత హాయిగా ఉంటుందో. పద్యంలో నేను శ్రుతికి సర్దుకోవాలి. మధురవాణిలో శ్రుతి నాదే. ఆ కుర్రాడికి మామూలు తెలుగు అంటే ఎక్కడిదో నేను అడగలేదు, వాడికి షాటు టైమవుతోంది.

ఈ యాస వల్ల ఒక లాభం కూడా ఉంది. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలు బాగా వింటారు. బజార్లో ఎదుటివాడు ఏ భాషలో మొదలుపెడతాడో చూసి మనం జవాబు చెప్పాలి కదా, చిన్నప్పట్నుంచి అది అలవాటు. స్టేజీ మీద ఎదుటివాడు చెప్పేదాకా ఆగి వినేవాడు దొరకడమే కష్టం. మనవాళ్ళు ఆగుతారు. నా పాఠంలో సగం పని ఇక్కడి బజారే చేసేసింది.

ఇంక ఎక్కువ సేపు మీ బుర్ర తినను. మీకు ఆకలేస్తున్నట్టుంది, నాకూ వేస్తోంది. ఫీజు ఎంత అని ఇందాక ఎవరో చీటీ పంపారు. ఇవ్వగలిగినవాళ్ళ దగ్గర తీసుకుంటాను, లేనివాళ్ళు బియ్యం తెస్తారు, రాళ్ళు నేను కలుపుకుంటాను.

మా పిల్లలు ఇప్పుడు ఒక పన్నెండు నిమిషాల సీను చేస్తారు. కాటిసీనే. పద్యాలు తక్కువ, మాట ఎక్కువ. మైకులు ఆపేస్తాం, కాబట్టి దయచేసి ఫ్యాన్లు కూడా కాసేపు ఆపండి. చంద్రమతి వేసే అమ్మాయిది గుణుపురం, వాళ్ళింట్లో ఒడియానే, ఎర్ర చుక్కలతో నేర్చుకుంది. మేడ అంటే నవ్వకండి.

ఇంకో చిన్న మాట. లోహితుడు వేసే బాబు అదిగో, మూడో వరసలో వాళ్ళమ్మ ఒళ్ళో ఉన్నాడు. నేను పొడుగ్గా మాట్లాడింది వాడి కోసమే. నిద్రపోయాడు. చప్పట్లు కొట్టకండి, లేస్తాడు. అమ్మా, నువ్వు అలాగే కూర్చో, చంద్రమతి వచ్చి ఎత్తుకుంటుంది.